సున్నా యూనిట్లు

బిల్లు నెలకొకసారే.
నేను మాత్రం వారానికి రెండుసార్లు
ఉప్పుటేరు దాటి చిప్పలదిబ్బకు పోతుండా.
మోకాటి లోతు దాకా నడక,
ఆపైన పామంజి గురవయ్య పడవ.
గడ వేసేటప్పుడు ఆయన నన్ను చూడడు,
ఉత్తరపు దరిని చూస్తాడు.
అక్కడ థర్మల్ పొగగొట్టాలు,
వాటి నెత్తిన ఎర్రదీపాలు.
పగలు కూడా ఆర్పరు.

దిబ్బ మీద ముప్పై ఒక్క ఇళ్లు, ముప్పై ఒక్క మీటర్లు.
గాజు మీద ఉప్పు పొర కడుతుంది,
తడిగుడ్డతో తుడిస్తేగాని అంకె కనపడదు.
పోయినేడు కార్తీకంలో గాలివానకి
ఏట్లో నాటిన స్తంభాలు నాలుగు పండుకున్నాయి.
ఇంకా లేవలేదు.
చెంచమ్మ ఇంట్లో పదకొండు వందల నలభై ఆరు.
పోయిన నెలా అంతే. అంతకు ముందూ అంతే.
నా మెడలో మిషను మాత్రం
గీరుమని కాయితం కక్కుతుంది:
వాడకం సున్నా. కనీస చార్జీ చెల్లించవలెను.

"లేని కరెంటుకి రూపాయిలేంది సామీ"
అంటుంది చెంచమ్మ, కోపం లేకుండా,
పీత కాళ్లకి తాడు బిగిస్తా.
"సర్లే, ఇయ్యి. పొయ్యి ఎలిగించుకోను పనికొస్తది."

ఆమే మొదలుపెట్టింది ఇదంతా.
బొత్తాం ఫోను నా జేబులో పడేసి
"మీ ఇంట్లో గుచ్చి తీసకరా" అనింది.
తర్వాత గురవయ్యది. కొమారి రమణమ్మది.
ఇప్పుడు గోతాం నిండా.
ఎవరిది ఏదో తెలియను వలదారం ముడులు:
ఒక ముడి గురవయ్య, రెండు ముళ్లు రమణమ్మ,
ఎర్ర పీలిక చెంచమ్మ.
మా సుభాషిణి వరండా పొడుగునా ప్లగ్గులు పరిచి
మిక్సీకి చోటు లేదని గొణుగుతుంది,
గొణుగుతానే గుచ్చుతుంది.

నేను లెక్కలోడిని గదా, కట్టి చూశా.
ముప్పై ఒక్క ఫోన్లూ కలిపి
అర యూనిట్ కూడా కాలేదు.
ఒక దిబ్బ ఆకలి మొత్తం
అర యూనిట్ కూడా కాలేదు.

పోర్టు గేటు కాడ టీ బంకులో ఒకడు కలిశాడు,
బొగ్గు ఓడ మీద వచ్చిన కళాసి.
ఏదో దీవుల దేశం, పేరు చెప్పాడు,
నాకు నోరు తిరగలేదు.
"మా దేశం నాకన్నా చిన్నది, వయసులో" అన్నాడు,
సగం ఇంగ్లీషు, సగం చేతులు.
వాళ్ల సముద్రం అడుగున గ్యాసు ఉండాదంట,
గొట్టాల్లో ఎక్కడికో పోతదంట.
కొండ మీద వాళ్లమ్మ
కిరసనాయిలు బుడ్డి కింద కాఫీ గింజలు ఏరతా ఉండేదంట.
పొగగొట్టాల వైపు చూపించి
"మీకు దండిగా వెలుతురు" అన్నాడు.
తల మీదుగా పోయే తీగల్ని చూపించా.
అవి యాడికి పోతాయో వేలితో చెప్పలేక
టీ డబ్బులు నేనే ఇచ్చా.

నిన్న రాత్రి ఒంటిగంట దాటింది.
వరండాలో అన్నీ ఒక్కసారిగా అరిచినాయి.
కుక్క లేచింది, సుభాషిణి లేచింది.
ముప్పై ఒక్క అద్దాల మీద ఒకటే మాట:
వాయుగుండం. తీరప్రాంతం వారు
వెంటనే ఎత్తైన చోటికి వెళ్లవలెను.

ఎవరికి చెప్పాలో వాళ్ల ఫోన్లన్నీ నా ఇంట్లో.

వైర్లు పెరుకుతుంటే చేతులు వణికాయి.
ముడులు చూసుకోలేదు,
గోతాంలో కుక్కి నెత్తిన పెట్టుకున్నా.
రేవులో పడవ లేదు. పోటు మీదుంది ఏరు.
ఆ దరిన ఎర్రదీపాలు
ఎప్పటి మాదిరే రెప్ప కొడుతున్నాయి.
నెత్తి మీద గోతాం లోపల్నించి
ఎర్ర పీలికదో, రెండు ముళ్లదో,
ఏదో ఒకటి మళ్లీ మోగుతా ఉంది.

మొలలోతు దాకా వచ్చేశా.
"గురవయ్యా" అని పిలిచా.
గాలి ఇటు నుంచి అటు కాదు,
అటు నుంచి ఇటు వీస్తుండాది.